ఐరన్ మాత్ర పనిచేస్తోంది

పొద్దున ఐదింటికి ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది తల్లి గొంతు.

"లేవే పిడుగూ! మాత్ర!"

పిడుగు అన్నది పిల్ల అసలు పేరు కాదు. నాలుగేళ్లప్పుడు పక్కింటి పిల్లలు ముగ్గుర్ని వరసగా కింద పడేసి, వాళ్ల మీదెక్కి కూర్చున్న రోజు నుంచి ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. కుస్తీ పడుతుంది. జట్టు ఎంపిక శనివారం. ఈ రోజు బుధవారం. శనివారం పొద్దున ఏడింటికి తూకం యంత్రం ఎక్కినప్పుడు యాభై కిలోలు దాటకూడదు. పది రోజుల కిందట పిల్ల యాభై ఐదుంది.

తల్లి ఒక చేత్తో నిమ్మకాయ పిండిన నీళ్లు, ఇంకో చేత్తో ఎర్ర మాత్ర పట్టుకుని మంచం పక్కన నిలబడింది. పిల్ల కళ్లు తెరవకుండానే నోరు తెరిచింది. మాత్ర పడింది. నీళ్లు రెండు గుక్కలు. మూడో గుక్కకి అనుమతి లేదు.

"మింగావా?"

"ఊఁ."

"నోరు తెరువు."

"అమ్మా, ఇదేమన్నా జైలా?"

"జైల్లో ఇంత మర్యాదగా అడగరు. తెరువు."

పిల్ల నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది. తల్లి టార్చిలైటు వేసినంత శ్రద్ధగా చూసి, తల నిమిరి వంటింట్లోకి వెళ్లింది. టీ ఇప్పుడే పెట్టదు. మాత్ర వేసుకున్న గంట దాకా ఆ ఇంట్లో ఎవరికీ టీ లేదు. టీ తగిలితే ఐరన్ ఒంటికి పట్టదని జట్టు డాక్టరు చెప్పాడు. చెప్పింది పిల్ల గురించే. అయినా వాసన తగిలి పిల్ల ఎక్కడ అడుగుతుందోనని ఇల్లంతా గంటసేపు ఎండిపోయి కూర్చుంటుంది.

ఆ డాక్టరు రెండు నెలల కిందట పిల్ల రక్తం తీసి చూశాడు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది తొమ్మిదుంది. ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటిపోయిందన్నాడు. "బరువు దించే పిల్లలందరిదీ ఇదే గోలమ్మా. తినేది చారెడు. అందులో ఐరన్ చిటికెడు. చెమటలో కొంత పోతుంది, నెలనెలా కొంత పోతుంది. రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?" అని మాత్రల అట్టలు తీసి తండ్రి చేతికి కాకుండా తల్లి చేతికిచ్చాడు. "పరగడుపున వెయ్యండి, నిమ్మరసంతో. మలం నల్లగా వస్తుంది. చూసి కంగారుపడకండి. మాత్ర పనిచేస్తోందన్నమాట. ఇది మీ పూచీ."

మీ పూచీ! పిల్ల కుస్తీలో దిగిన ఏడేళ్లలో ఆమెతో ఎవరూ అనని మాట అది. మిగతాదంతా తండ్రిదే. ఎప్పుడు తినాలి, ఎంత తినాలి, ఎంత తాగాలి, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎన్ని చుట్లు పరిగెత్తాలి, అన్నీ ఆయన చూసుకుంటాడు. ఆయనది ఊరి చివర లారీలు తూచే ఉద్యోగం. ఖాళీ లారీని ఒకసారి, సరుకెక్కించాక ఒకసారి. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇరవై రెండేళ్లలో ఏ డ్రైవరూ ఆయన మొహం చూడలేదు, చీటీ చూశాడు. అలాంటి మనిషి పిల్ల కోసం ఇంట్లో తూకం యంత్రం పెట్టి, యాభై గ్రాముల తేడా కూడా చెప్పేలా దాన్ని సరిచేశాడు. అది చూసి కోచ్ భుజం తట్టి, "మీలాంటి తండ్రి ఒక్కడుంటే చాలండీ" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట మీద ఆయన బతికేస్తున్నాడు.

కోచ్ లెక్క వేరే. యాభై మూడు కిలోల విభాగంలో అప్పటికే పేరున్న పిల్ల ఒకతె ఉంది. ఆమెని ఓడించడం కష్టం. పిడుగుని ఐదు కిలోలు కరిగించడం సులువు. ఎవరి ఒళ్లు కరిగితే ఆయనకేం?

"యాభై రెండున్నర," అన్నాడు తండ్రి, యంత్రం ముందు గొంతుక్కూర్చుని. "నిన్నటికంటే మూడు వందలే తగ్గింది. ఖాళీ బండి ఇంకా ఖాళీ కావాలమ్మా."

"నాన్నా, ఇంక దించడానికి డ్రైవరే మిగిలాడు," అంది పిల్ల.

ఇద్దరూ నవ్వారు. పిల్ల నవ్వితే పెదాలు పగిలాయి. నాలుకతో తుడుచుకుని, బ్యాగులోంచి మోకాలి నొప్పి మాత్ర తీసి గొంతులో వేసుకుంది.

"ఖాళీ కడుపునా?" అంది తల్లి. "తిన్నాక వేసుకోమని అట్ట మీదే రాసుంది కదే."

"రాసుంది. తింటేగా అమ్మా, తిన్నాక వచ్చేది!"

ఆ మాటకి తల్లి కూడా నవ్వేసింది. ఆ నవ్వుకి తర్వాత తనను తానే ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

పిల్ల పరుగుకి వెళ్లాక తల్లి బాత్రూం కడగడానికి వెళ్లింది. ఆమె ఉద్యోగమూ అదే. పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో ఆరో అంతస్తు నుంచి తొమ్మిదో అంతస్తు దాకా మరుగుదొడ్లు ఆమెవి. తెల్ల పింగాణీ మీద మరక చూసి ఏది టీ పారబోసిందో, ఏది తుప్పునీళ్ల చారో, ఎవరు సిగరెట్ తాగి పీక వేశారో చెప్పేస్తుంది. సూపర్‌వైజరు ఆమెని పోలీసు కుక్క అంటాడు. ఆమె ఒకసారి "కుక్కకి జీతం పెంచరా" అని అడిగింది.

ఇంట్లో పింగాణీ మీద నల్లటి చారిక ఉంది. నీళ్లు కొడితే పోలేదు. బ్రష్ పెట్టి రుద్దాల్సొచ్చింది. జిగురుగా, తారు పూసినట్టు సాగింది. వాసన కూడా మామూలు వాసన కాదు. కుళ్లిన ఇనుముకి వాసనంటూ ఉంటే ఇలాగే ఉంటుందేమో అనిపించింది. తిండి లేని కడుపు, వాసన రాకేం చేస్తుంది, అనుకుని రెండోసారి రుద్దింది.

ఆమెకి నిజానికి సంతోషమే కలిగింది. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో నలుపు కనబడింది. మధ్యలో పది పన్నెండు రోజులు ఆ నలుపు లేదు. మాత్ర పట్టడం లేదేమోనని దిగులుపడి నిమ్మరసం ఇంకాస్త పిండింది. ఇప్పుడు నాలుగు రోజులుగా మళ్లీ నలుపు, మొదటికంటే చిక్కటి నలుపు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి భర్తకి చెప్పింది.

"ఏమండీ, మళ్లీ నల్లగా వస్తోంది పిల్లకి."

"ఏంటి నల్లగా?"

"అదేనండీ. డాక్టరు చెప్పాడు కదా. మధ్యలో రంగు తగ్గితే భయపడ్డాను. ఇప్పుడు తారులా ఉంది. మాత్ర బాగా పనిచేస్తోంది."

తండ్రి చొక్కా బొత్తం పెట్టుకుంటున్నాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. భార్య మొహం చూశాడు. ఆ మొహం వెలిగిపోతోంది.

"మంచిదే," అన్నాడు. బొత్తం పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

శనివారం తల్లి సెలవు పెట్టింది. పిల్ల పోటీ చూడటానికి ఆమె వెళ్లడం అదే మొదటిసారి. ముందురోజంతా పిల్ల ఒక్క చుక్క మంచినీళ్లు తాగలేదు. వేడి నీళ్ల తొట్టిలో కూర్చుంది, దుప్పట్లు కప్పుకుని చెమట పట్టించింది, ఆఖరికి చెమట కూడా రావడం మానేస్తే చూయింగ్ గమ్ నమిలి సీసాలో ఉమ్మింది. ఉమ్మి కూడా బరువేనట. తల్లి ఆ సీసా వైపు చూడలేక వంటింట్లో గోడకి మొహం పెట్టుకుని నిలబడింది. ఆపించాలని నోటిదాకా వచ్చింది. కానీ మాత్ర పనిచేస్తోంది కదా, రక్తం పడుతోంది కదా, ఇంకొక్క రోజే కదా, అని మింగేసింది.

హాల్లో ఓ పక్క గదిలో ఆడపిల్లల తూకం. తలుపు బయట తల్లిదండ్రులిద్దరూ నిలబడ్డారు. లోపలి నుంచి ఎవరో ఆడ అధికారి గట్టిగా చదివింది.

"నలభై తొమ్మిది కిలోల తొమ్మిది వందలు!"

తండ్రి చప్పట్లు కొట్టాడు. అవతల కోచ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. వంద గ్రాములు మిగిలాయి. ఆ వంద గ్రాములు, వాటితోపాటు ఇంకెన్ని వందలో, పిల్ల ఒంట్లోంచి కారిపోయిన రక్తమే అని అక్కడ ఎవరికీ తెలియదు. యంత్రానికీ తెలియదు. ఏది కొవ్వు, ఏది నీరు, ఏది ప్రాణం అని అది అడగదు.

పిల్ల తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మొహం బూడిద రంగులో ఉంది. "వచ్చేసిందమ్మా బరువు," అని నవ్వబోయింది. తల్లి చేతిలోని నీళ్ల సీసా లాక్కుని రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క లోపలికి పోలేదు. ఒంగింది. టీ పొడి కలిపినట్టున్న నల్లటి నీళ్లు భళ్లున కక్కింది. అందులోనే మోకాళ్ల మీద పడి, పక్కకి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో అత్యవసర విభాగపు డాక్టరమ్మ చిన్నది. చకచకా అడిగింది. ఎంత బరువు తగ్గింది, ఎన్ని రోజుల్లో, నీళ్లు ఎప్పుడు తాగింది. తండ్రి చెబుతున్నాడు. అంకెలన్నీ ఆయన నాలుక చివరే ఉన్నాయి.

"ఏమన్నా మందులు వాడుతోందా?"

"మోకాలి నొప్పికి మాత్రలండీ. రోజుకి మూడు," అంది తల్లి. "ఐరన్ మాత్రలు కూడా. అవి నేనే వేస్తాను. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"వాంతి నల్లగా అయిందన్నారు. మలం?"

"నలుపేనండీ. ఐరన్‌కి అలాగే వస్తుందని ముందే చెప్పారు లెండి."

డాక్టరమ్మ తలూపి రాసుకుంది. "అయితే వాంతి రంగుని బట్టీ, మలం రంగుని బట్టీ ఏమీ చెప్పలేం. ముందు సెలైన్ ఎక్కిద్దాం, రక్తం రిపోర్టు రానీండి," అని పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

తల్లి పిల్ల చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తలెత్తి భర్తని చూసింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు ఏదో అనబోయి ఆగిపోతున్నాయి.

"ఏంటండీ?"

"ఏం లేదు."

"ఏంటో చెప్పండి!"

"మాత్రలు..." అన్నాడు ఆయన. "ఐరన్ మాత్రలు వేసుకోవట్లేదు."

"ఎవరు?"

"పిల్ల."

"రోజూ నా చేత్తో వేస్తున్నానండీ! నోరు తెరిపించి చూస్తున్నాను!"

"చెంపలో పెట్టుకుంటుంది. నువ్వు వంటింట్లోకి వెళ్లగానే తీసి నాకిస్తుంది. నేను జేబులో వేసుకుని పోతూ పోతూ పారేస్తాను. మూడు వారాలైంది."

తల్లికి ఆ మాటలు ఒక్కొక్కటిగా చేరాయి. మాత్ర లేదు. మూడు వారాలుగా లేదు. మరి వారం నుంచి ఆ నలుపు? ఆ జిగురు? రెండుసార్లు రుద్దినా పోని ఆ వాసన?

ఆమె పరిగెత్తింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. వరండాలో డాక్టరమ్మ కోటు పట్టుకుని వెనక్కి లాగింది.

"అమ్మా, ఐరన్ వేసుకోలేదటమ్మా! మూడు వారాలుగా వేసుకోలేదట! ఆ నలుపు ఐరన్‌ది కాదమ్మా!"

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "ఎన్ని రోజులుగా నల్లగా వస్తోంది?"

"వారం."

"జిగురుగా ఉందా? వాసన?"

"తారులా ఉందమ్మా. కంపు. నేనే కడిగాను. రోజూ నేనే కడిగాను."

"అది రక్తమమ్మా. కడుపులో పుండు పడి, కారిన రక్తం పేగుల్లోంచి దిగేసరికి అలా నల్లబడుతుంది," అని చెబుతూనే ఆమె మంచం వైపు పరిగెత్తింది. నర్సులు వచ్చారు. తెర లాగేశారు. తర్వాత మంచం చక్రాల మీద ఎటో వెళ్లిపోయింది. తల్లి ఒంటికాలి చెప్పుతో వరండాలో మిగిలింది.

చాలాసేపటికి ఆమె భర్త దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇనుప కుర్చీలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"ఎందుకు ఆపించారు?"

"మలబద్ధకం చేసింది. మూడేసి రోజులు కడుపు కదల్లేదు. కడుపులో ఉన్నదంతా తూకంలోకి వస్తుంది కదా. అరకిలో ఒక్కోసారి. ఎంపిక అయ్యాక వేసుకుందువులే అన్నాను."

"అరకిలో కోసం."

"నాకేం తెలుసు రక్తం కారుతోందని? నేను డాక్టర్నా?"

"డాక్టరు కానక్కర్లేదండీ! బుధవారం పొద్దున నేను మీకు చెప్పాను. మళ్లీ నల్లగా వస్తోంది అన్నాను. మాత్ర వేసుకోవట్లేదని మీకు తెలుసు. మాత్ర లేకుండా నలుపెలా వస్తుంది అని ఒక్కసారి అనుకోలేదా?"

ఆయన జేబులోకి చెయ్యి పెట్టి, ఖాళీగా బయటికి తీశాడు.

"అనుకున్నారా లేదా?"

"అనుకున్నాను," అన్నాడు ఆయన. "పాతదేమో, లోపల మిగిలిందేమో అనుకున్నాను. అడిగితే నీకు తెలిసిపోతుంది. మూడు వారాలుగా నిన్ను మోసం చేస్తున్నామని తెలిసిపోతుంది. ఇంకో మూడు రోజులే కదా అని..."

"మంచిదే అన్నారు. నా మొహం చూసి, బొత్తం పెట్టుకుంటూ, మంచిదే అన్నారు!"

వరండాలో జనం తలలు తిప్పి చూశారు. ఆమె లెక్కచెయ్యలేదు. "లారీ అనుకున్నారా దాన్ని? దించెయ్యి, దించెయ్యి, దించెయ్యి! ఆఖరికి నెత్తురు కూడా దించేశారు. చప్పట్లు కొట్టారు కదండీ! నా కళ్లతో చూశాను, చప్పట్లు కొట్టారు!"

"మరి నువ్వు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "నువ్వు చూశావు కదా. ఇరవై ఏళ్లుగా నీ పని అదే కదా. చారిక చూసి మనిషి జాతకం చెప్తావు. అంత కంపు కొడుతుంటే నీకేమనిపించింది?"

ఆయన ఆ మాట ఎదురుదెబ్బ కొట్టడానికి అనలేదు. నిజంగానే అడిగాడు. అదే భరించలేకపోయింది. తనకేమనిపించింది? సంతోషమనిపించింది. ముక్కు చెబుతున్నది వినకుండా, బ్రష్‌తో రుద్ది, నీళ్లు కొట్టి, సంతోషపడింది. నలుపు సంగతి ఆమెకి తెలుసు. మాత్ర లేదన్న సంగతి ఆయనకి తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఒకే టీ గిన్నె చుట్టూ కూర్చుని, ఆ రెండు ముక్కలూ ఎవరి దగ్గర వాళ్లు దాచుకున్నారు.

మధ్యాహ్నం కోచ్ వచ్చాడు. చేతిలో కాగితం. కాసేపు నిలబడి, "ఎలా ఉంది" అని అడిగి, జవాబు పూర్తికాకముందే కాగితం ముందుకు చాచాడు.

"తప్పుకుంటున్నట్టు సంతకం కావాలండీ. ఐదింటిలోపు ఇవ్వకపోతే ఆ స్థానం ఖాళీగా పోతుంది. ఇంకో పిల్ల ఉంది, పదిహేడేళ్లది. దానికన్నా అవకాశం దక్కుతుంది."

తల్లి కాగితం తీసుకుంది. అందులో కారణం ముందే రాసి ఉంది. వ్యక్తిగత కారణాలు.

"ఎవరి వ్యక్తిగతం?" అంది ఆమె.

"అది మామూలుగా రాసేదేనమ్మా."

"ఆ పదిహేడేళ్ల పిల్ల అసలు బరువెంత?"

"యాభై నాలుగు. దించాం లెండి."

"రక్తం చూపించారా? ఐరన్ వేసుకుంటోందా?"

"వేసుకుంటోంది. వాళ్లమ్మే వేస్తుంది."

"మీరు చూశారా?"

"ఇందులో చూసేదేముందమ్మా? అందరూ వేసుకుంటారు."

"నేనూ అలాగే అనుకున్నాను," అంది తల్లి. కలం అడిగి తీసుకుంది. ఆమె చదివింది ఐదో తరగతి. వ్యక్తిగత కారణాలు అన్న మాట అడ్డంగా కొట్టేసి, వంకర అక్షరాలతో, ఒత్తి ఒత్తి రాసింది. బరువు దించడం వల్ల కడుపులో రక్తం కారింది. కింద సంతకం చేసింది. కోచ్ చదివి, "ఇది ఇలా ఇస్తే తీసుకోరమ్మా" అన్నాడు. జేబులోంచి అలాంటిదే ఇంకో కాగితం తీసి తండ్రికి ఇచ్చాడు. రెండోది కూడా సిద్ధంగా ఉంచుకుని వచ్చాడన్నమాట. తండ్రి భార్య వైపు చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తిరిగి కోచ్ చేతిలో పెట్టాడు.

"మా ఆవిడ రాసిందే ఇవ్వండి," అన్నాడు.

కోచ్ రెండు కాగితాలూ పట్టుకుని వెళ్లాడు. ఐదింటికి ఆయన ఏది ఇచ్చాడో, సంతకం ఎవరు గీకారో వాళ్లకి తెలియదు. ఆ పదిహేడేళ్ల పిల్ల ఆ సాయంత్రమే జట్టులో చేరిందని మాత్రం మర్నాడు తెలిసింది. తల్లి ఆ పిల్ల ఇంటి నంబరు సంపాదించి ఫోన్ చేసింది. అటు వాళ్లమ్మ ఎత్తింది. ఈమె చెప్పిందంతా విని, "మా దానికి అలాంటివేం లేవండీ, రోజూ నా చేత్తోనే వేస్తాను," అని పెట్టేసింది.

నోట్లోంచి గొట్టం దించి, పుండు దగ్గర కారుతున్న రక్తనాళాన్ని మూసేశారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణం నిలిచింది. కానీ పెద్ద డాక్టరు వచ్చి ఇంకో సంగతి చెప్పాడు. నీళ్లు లేని ఒంట్లో అన్ని నొప్పి మాత్రలు పడేసరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయట. రోజంతా కలిపి గ్లాసెడు మూత్రం కూడా రావడం లేదు. కోలుకుంటాయా అని అడిగితే, కొందరికి కోలుకుంటాయి, కొందరికి సగం దాకా వస్తాయి, కొందరికి రావు, మూడు నెలలు చూడాలి అన్నాడు.

"మళ్లీ కుస్తీ..." అన్నాడు తండ్రి.

పెద్ద డాక్టరు ఆయన వైపు చూసి, "కుస్తీ సంగతి మర్చిపోండి," అన్నాడు. కసురుకోలేదు. అలసిపోయినట్టు అన్నాడు. రోజుకి ఎంతమందికి ఈ మాట చెబుతాడో.

సోమవారం పొద్దున పిల్లకి పూర్తిగా తెలివొచ్చింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. మొహం ఉబ్బింది, చేతులు ఉబ్బాయి. ముక్కులో గొట్టం ఉంది. తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు కూర్చున్నారు.

"అమ్మా, తిట్టవా?"

"ఎందుకు చెప్పలేదే?" అంది తల్లి. తిట్టాలనే మొదలుపెట్టింది. "కడుపు కదలట్లేదని నాకు చెప్తే, నేను డాక్టర్ని అడిగేదాన్ని కదా. మాత్ర మార్చేవాడు. రోజు విడిచి రోజు వెయ్యమనేవాడు. ఏదో ఒకటి చెప్పేవాడు కదే!"

పిల్ల ఉబ్బిన చేత్తో తల్లి వేలు పట్టుకుంది.

"నీకున్నది అదొక్కటే కదమ్మా," అంది మెల్లగా. "నా కుస్తీలో నీకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ మాత్ర ఒక్కటిచ్చారు. ఐదింటికి నిమ్మకాయ పిండుకుని ఎంత సంబరంగా వచ్చేదానివో! వద్దమ్మా అంటే నువ్వేమైపోతావో అనిపించింది. నాన్నే వద్దన్నాడని నాన్న మీద పెట్టకు. నాన్న వద్దన్నది బరువు కోసం. నీకు చెప్పొద్దన్నది నేను."

తల్లి తల వంచుకుంది. ఆమె పూచీ అది. ఆ పూచీని కాపాడటానికే ఇద్దరూ కలిసి అబద్ధమాడారు. ఆమె కూడా ఆ పూచీ మీద మోజుతోనే ముక్కు మూసుకుంది. ఎవరిని తిట్టాలి? ముగ్గురికీ ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమే పిల్ల కడుపులో కన్నం పెట్టిందంటే ఏ డాక్టరు నమ్ముతాడు?

"ఇంకా ఏమన్నా దాచారా?" అంది. "ఇద్దరూ ఇప్పుడే చెప్పండి. ఇక్కడే చెప్పండి."

"నొప్పి మాత్రలు మూడు కాదమ్మా. ఐదు," అంది పిల్ల.

"నాకు తెలుసు," అన్నాడు తండ్రి.

"ఈ ఏడాది మార్చి నుంచి నెలసరి రాలేదు," అంది పిల్ల.

"ఆ సంగతి నాకు తెలుసు," అంది తల్లి. "బట్టలు ఉతికేది నేనే కదా. అసలే ఒత్తిడిలో ఉన్నావు, అడిగి ఇంకా ఒత్తిడి పెట్టడమెందుకని ఊరుకున్నాను."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరి దగ్గరా ఇంక దాచడానికేమీ మిగల్లేదు. తండ్రి ముందుకు ఒంగి, పిల్ల పాదాలు రెండూ పట్టుకుని, మొహం వాటి మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి లేచి వెళ్లి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. క్షమించిందో లేదో ఆమెకే తెలియదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"నాన్నా, ఏడవకు," అంది పిల్ల. తర్వాత, ఎవరో పక్కన కూర్చుని గుర్తుచేసినట్టు, "అమ్మా, ఆకలేస్తోంది," అంది.

తల్లి ఆ మాట ఆ నోట విని రెండేళ్లు దాటింది. తండ్రి అప్పటికే లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోకుండానే, "ఏం తింటావమ్మా? ఏది కావాలంటే అది తెస్తాను. చెప్పు తల్లీ, ఏం కావాలి?" అంటున్నాడు.

తల్లి ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏమీ పెట్టకూడదన్నారు. నీళ్లు కూడా వద్దన్నారు."

"ఎప్పటిదాకా?" అంది పిల్ల.

"చెప్పలేదమ్మా."

"చాలా ఆకలేస్తోందమ్మా."

"తెలుసు తల్లీ."

రేపు పెడతానులే అనబోయింది. రేపు పెడతారో లేదో ఆమెకి తెలియదు. తెలియని మాట చెప్పకూడదనుకుంది. పిల్ల పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఆ ఆకలి తన చేతికి తగులుతుంటే, అలాగే కూర్చుంది.